పనిముట్టును పట్టుకునే చెయ్యి – లేత్ టూల్ పోస్టు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు ఏం రాయాలో చాలాసేపు తోచలేదు. కవిత్వం నాకు రాదు. నాకు వచ్చినది లేత్ పని ఒక్కటే. పదో తరగతి అయ్యాక ఐటీఐలో టర్నర్ ట్రేడు తీసుకునే తమ్ముళ్ళు మన హాస్టల్లో ఎప్పుడూ కొందరు ఉంటారు. వాళ్ళకు పనికొచ్చే విషయం ఒకటి రాస్తే చాలనుకున్నాను. అదే టూల్ పోస్టు, దానికి మన చేతులతో మనమే చేసుకోగల చిన్న చిన్న సామాన్లు. పుస్తకంలో దీని గురించి ఒకటి రెండు పేజీలకు మించి ఉండదు. కాని షాపులో మన పని నిలబడేదీ, చెడిపోయేదీ ఆ రెండు పేజీల దగ్గరే.

ఉలి నుంచి టూల్ పోస్టు దాకా

మన దుర్గిలో పుట్టినవాడికి ఉలి దెబ్బ చప్పుడు కొత్త కాదు. భౌగోళిక గుర్తింపు పొందిన దుర్గి శిల్పాలు చెక్కే శిల్పి ఎడమ చేతిలో ఉలిని ఎలా పట్టుకుంటాడో ఒకసారి గమనించండి. రాయి గట్టిగా తగిలితే ఉలిని కాస్త వాలుస్తాడు, మెత్తగా ఉంటే కాస్త లేపుతాడు. ఆ కోణం చూసుకునేది ఆయన చెయ్యే. ఉలి ఎంత పదునుగా ఉన్నా, పట్టిన చెయ్యి వణికితే విగ్రహం ముక్కు పోతుంది.

ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేవారు కూడా అంతే. తిరుగుతున్న చెక్క మీద ఉలిని చేత్తోనే పట్టి ఆకారం తెస్తారు. చెక్క మెత్తనిది కాబట్టి చేతి బలం సరిపోతుంది. ఇనుము దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఇనుమును సమంగా కోయాలంటే పనిముట్టును మనిషి చెయ్యి కంటే బలంగా, కదలకుండా పట్టుకునేది ఏదో ఒకటి కావాలి. ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే 1800 సంవత్సరం ప్రాంతంలో స్లైడ్ రెస్టునూ, లీడ్ స్క్రూనూ కలిపి మర కోసే లేత్‌ను తయారు చేశాక పనిముట్టు మనిషి చేతిలోంచి మిషను చేతిలోకి వెళ్ళింది. మన దేశంలో 1943లో సికింద్రాబాదులో ప్రాగా టూల్స్, 1953లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. మొదలయ్యాక ఇలాంటి మిషన్లు, వాటి సామాన్లు ఇక్కడే తయారవడం పెరిగింది.

టూల్ పోస్టు అంటే ఆ ఇనుప చెయ్యే. శిల్పి చేతికి తెలివి ఉంది, రాయిని బట్టి తనే సర్దుకుంటుంది. టూల్ పోస్టుకు తెలివి లేదు. మనం ఏ ఎత్తులో, ఏ కోణంలో బిగిస్తే అలాగే ఉంటుంది. కనుక ఆ తెలివి మనమే ముందుగా పెట్టాలి.

మూడు రకాల పోస్టులు

పాత లేత్‌లలో ఒకే స్క్రూ ఉన్న పోస్టు కనిపిస్తుంది. నిలువు స్తంభానికి చీలిక ఉంటుంది. కింద ఒక రింగు, దాని మీద పడవ ఆకారంలో ఒక ముక్క ఉంటాయి. ఆ పడవను ముందుకూ వెనక్కూ జరిపితే టూల్ మొన లేస్తుంది, దిగుతుంది. సుళువే గాని ఎత్తు మారినప్పుడల్లా టూల్ కోణం కూడా మారిపోతుంది. పైగా ఒకే స్క్రూ కాబట్టి పట్టు తక్కువ.

రెండోది నాలుగు వైపులా టూల్ పట్టే చదరపు పోస్టు. మన వైపు లేత్ షాపుల్లో ఎక్కువగా ఉండేది ఇదే. నాలుగు టూల్స్ ఒకేసారి బిగించి, పైన హ్యాండిల్ వదులు చేసి తిప్పుకుంటూ పని చేయవచ్చు. పట్టు బాగుంటుంది. కాని ఎత్తు సరిచేయడానికి దీనిలో ఏ ఏర్పాటూ లేదు. టూల్ కింద ముక్కలు పెట్టి లేపుకోవాలి.

మూడోది క్విక్ చేంజ్ పోస్టు. ప్రతి టూలుకూ విడిగా ఒక హోల్డరు, దాని మీద ఎత్తు సరిచేసే నట్టు ఉంటాయి. ఒకసారి సరిచేస్తే ఎన్నిసార్లు తీసి పెట్టినా అదే ఎత్తుకు వచ్చి కూర్చుంటుంది. సదుపాయమే, కాని ఖరీదు. అది లేదని చింతించనక్కర్లేదు. దాని సుఖంలో చాలా భాగం నాలుగు వైపుల పోస్టులోనే ఎలా తెచ్చుకోవచ్చో ఇప్పుడు చెబుతాను.

ఒక్క మిల్లీమీటరు ఏం చేస్తుంది?

టూల్ మొన సరిగ్గా జాబ్ మధ్య గీత ఎత్తులో ఉండాలి. దాన్నే సెంటర్ హైట్ అంటాం. ఈ మాట ఐటీఐలో ప్రతివాడూ నేర్చుకుంటాడు. ఎందుకు ఉండాలో మాత్రం చాలామంది పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు.

20 మి.మీ. వ్యాసం ఉన్న కడ్డీని టర్నింగ్ చేస్తున్నాం అనుకోండి. టూల్ మొన సెంటరు కంటే 1 మి.మీ. కిందకు ఉంది. అప్పుడు జాబ్‌ను తాకే చోట టూల్ కోణాలన్నీ సుమారు 6 డిగ్రీలు మారిపోతాయి. అదే 10 మి.మీ. కడ్డీ అయితే పదకొండున్నర డిగ్రీలు. 100 మి.మీ. కడ్డీ అయితే ఒక డిగ్రీ కంటే కొంచెం ఎక్కువ, అంతే. అంటే జాబ్ ఎంత సన్నగా ఉంటే ఎత్తు తప్పు అంత పెద్దదవుతుంది. గ్రైండింగ్ రాయి దగ్గర గంటసేపు నిలబడి ఎంతో శ్రద్ధగా ఇచ్చిన 8 డిగ్రీల కోణం, 1 మి.మీ. తేడాతో గాలికి పోతుంది.

టూల్ ఎత్తు ఎక్కువైతే మొన కింద ఖాళీ తగ్గి టూల్ కడుపు జాబ్‌కు రాసుకుంటుంది. వేడెక్కుతుంది, కీచుమంటుంది, పైపూత మెరుగు పోతుంది. ఎత్తు తక్కువైతే టూల్ కోయడం మాని గీకడం మొదలుపెడుతుంది. సన్నని జాబ్ అయితే టూల్ మీదికి ఎక్కుతుంది. ఫేసింగ్‌లో మధ్యన చిన్న బుడిపె మిగిలిపోతుంది. బోరు లోపల పని చేసేటప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ టూల్ కిందకు ఉంటే రాసుకుంటుంది.

ఈ లెక్కలు నాకు తలకెక్కింది పుస్తకంతో కాదు. నేను పనిలో చేరిన కొత్తలో ఒక రైతు పంపు షాఫ్టు తెచ్చాడు. మిరప తోటకు తడి పెట్టాల్సిన సమయం. షాఫ్టు మీద సర్‌క్లిప్ కోసం ఒక గాడి కోయాలి. టూల్ కాస్త కిందకు ఉందని కనిపించింది. చేతికందిన అట్టముక్క మడిచి టూల్ కింద పెట్టి బిగించాను. చూడ్డానికి సెంటరుకే వచ్చింది. కోత మొదలవగానే ఒత్తిడికి అట్ట అణిగింది, టూల్ దిగింది, షాఫ్టు దాని మీదికెక్కింది. టప్పుమని చప్పుడు. టూల్ విరిగింది, షాఫ్టు వంగింది. ఆ రైతు ఒక్క మాట అనలేదు. గుమ్మం దగ్గర కూర్చుని తల పట్టుకున్నాడు. ఆయన తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మేస్త్రి గారు అప్పటికప్పుడు వేరే కడ్డీ తీసి రాత్రి పొద్దుపోయే దాకా కొత్త షాఫ్టు చేసి ఇచ్చారు. మర్నాడు పొద్దున నన్ను పిలిచి, "నువ్వు లేత్ నడపడం నేర్చుకున్నావురా. లేత్‌కి కావలసినవి చేసిపెట్టడం నేర్చుకోలేదు. ఈ వారం నీకు వేరే పని లేదు, అవి చేయి" అన్నారు. ఆ వారం నేను చేసినవే ఈ కింద రాస్తున్నాను.

1. ప్యాకింగ్ ముక్కల గుత్తి

టూల్ కింద పెట్టే ముక్క అణగకూడదు, వంగకూడదు, ఊగకూడదు. అట్ట, కాగితం, రేకు మడత, చెక్క ఏవీ పనికిరావు. ఎం.ఎస్. పలక, ఇత్తడి రేకు, అరిగిన హ్యాక్సా బ్లేడు పనికొస్తాయి. చేతి హ్యాక్సా బ్లేడు మందం సుమారు 0.65 మి.మీ. ఉంటుంది. అయితే దాని పళ్ళు అటూ ఇటూ వంచి ఉంటాయి కాబట్టి అలాగే పెడితే టూల్ పళ్ళ మీద నిలబడుతుంది. గ్రైండింగ్ రాయి మీద పళ్ళన్నీ తీసేసి వాడాలి.

ఏ మందాలు చేసుకోవాలి? 0.25, 0.5, 1, 2, 4 మి.మీ. ఈ ఐదు చాలు. ఒక్కొక్కటి ముందుదానికి రెట్టింపు. వీటిని కలుపుకుంటూ పోతే 0.25 నుంచి 7.75 మి.మీ. దాకా ప్రతి పావు మిల్లీమీటరుకూ ఒకటి చొప్పున 31 ఎత్తులు వస్తాయి. టూల్ కింద మూడు ముక్కలకు మించి పెట్టకూడదన్నది మా షాపు నియమం. ముక్కల మధ్య గాలి, నూనె, దుమ్ము చేరి పట్టు వదులవుతుంది. మూడు ముక్కలకు లోబడి కూడా ఈ ఐదింటితో 25 ఎత్తులు వస్తాయి. లెక్కల మాస్టారు చెప్పిన రెండు ఘాతాల లెక్క షాపులో ఇలా అన్నం పెడుతుంది.

చేసే పద్ధతి: ముక్క వెడల్పు టూల్ వెడల్పంత ఉండాలి. పొడవు టూల్ పోస్టు సీటు మొత్తం ఆనేటంత ఉండి, వెనక వైపు ఒక అంగుళం బయటికి రావాలి. కోసిన అంచుల్లో మొలిచిన గరుకు, అంటే బర్ర్, ఆకురాయితో పూర్తిగా తీసేయాలి. చదునైన పలక మీద పెట్టి నాలుగు మూలలా వేలితో నొక్కి చూడండి, ఊగితే పనికిరాదు. బయటికి వచ్చే కొసలో రంధ్రం వేసి అన్నింటినీ ఒక తీగకు గుచ్చండి. తాళంచెవుల గుత్తిలా ఉంటుంది. అంకెలు గుద్దాలంటే ఆ కొస మీదే గుద్దాలి. సీటు మీద ఆనే చోట గుద్దితే లోహం ఉబ్బి, మనం తీసిన బర్ర్ మళ్ళీ మనమే పెట్టినట్టవుతుంది.

ఇంకో మాట. ఎప్పుడూ వాడే టూలుకు, ఏ ముక్కలు సరిపోయాయో చూసి, అంత మందంలో ఒకే ముక్క చేసి ఆ టూలుతోపాటే కట్టి ఉంచండి. అదే మన క్విక్ చేంజ్. టూల్ తీసి పెట్టడానికి నిమిషం కూడా పట్టదు. గ్రైండింగ్‌లో టూల్ పైభాగం అరిగిన కొద్దీ మాత్రం ఒక సన్నని రేకు చేరుస్తూ ఉండాలి.

2. ఎత్తు చూసే గేజి

సెంటరు ఎత్తు చూడటానికి అందరూ చేసేది టెయిల్‌స్టాక్ సెంటరు మొనకు టూల్ మొన ఆనించి చూడటం. మంచి పద్ధతే. కాని పాత లేత్‌లో టెయిల్‌స్టాక్ కిందిభాగం అరిగి దిగిపోయి ఉంటే మన కొలత కూడా దానితోపాటే దిగిపోతుంది.

స్టీలు స్కేలు పద్ధతి ఇంకొకటి ఉంది. మిషను ఆపేసి, గుండ్రటి జాబ్‌కూ టూల్ మొనకూ మధ్యన ఆరంగుళాల స్కేలు నిలువుగా పెట్టి టూల్‌ను మెల్లగా తాకించండి. స్కేలు నిట్టనిలువుగా నిలబడితే టూల్ సెంటరులో ఉంది. స్కేలు పైకొస మన వైపు వాలితే టూల్ కిందకు ఉంది. అవతలికి వాలితే పైకి ఉంది. అట్టే నొక్కకూడదు. ముఖ్యంగా కార్బైడ్ మొన పెళుసు, చిట్లుతుంది.

ఈ రెండింటికంటే నమ్మకమైనది సొంత గేజి. ఇలా చేసుకోవచ్చు. 40 మి.మీ. ఎం.ఎస్. కడ్డీ ముక్క తీసుకుని రెండు ముఖాలూ ఫేసింగ్ చేయండి. దాని పొడవు సెంటరు ఎత్తు కంటే ఓ 25 మి.మీ. తక్కువ ఉంటే చాలు. కింది ముఖంలో మధ్యభాగం 1 మి.మీ. లోతు తీసేసి చుట్టూ అంచు మాత్రం ఉంచండి. అప్పుడు ఊగకుండా నిలబడుతుంది. పై ముఖంలో 8.5 మి.మీ. డ్రిల్లు వేసి ఎం-10 ట్యాప్ కొట్టండి. ఎం-10 బోల్టు ఒకటి తీసుకుని దాని తల పైభాగం నున్నగా ఫేసింగ్ చేసి, లాక్ నట్టుతో సహా అందులో బిగించండి. గేజి తయారు.

ఇప్పుడు దాన్ని మన లేత్ ఎత్తుకు సరిచేయాలి. చక్‌లో ఒక కడ్డీ పట్టి సరిగ్గా 30 మి.మీ. వ్యాసానికి టర్నింగ్ చేయండి. క్రాస్ స్లైడ్ పైభాగాన్ని శుభ్రంగా తుడిచి, అక్కడి నుంచి కడ్డీ కింది అంచు దాకా ఉన్న ఖాళీని ఇన్‌సైడ్ క్యాలిపరుతో కొలవండి. అది 78.4 మి.మీ. వచ్చిందనుకోండి. దానికి కడ్డీ వ్యాసంలో సగం 15 కలిపితే 93.4. అదే ఆ లేత్‌కు క్రాస్ స్లైడ్ మీద నుంచి సెంటరు ఎత్తు. గేజి మొత్తం ఎత్తు 93.4 వచ్చేలా బోల్టు తిప్పి లాక్ నట్టు బిగించండి. ఎం-10 మరకు ఒక చుట్టు 1.5 మి.మీ. కాబట్టి చిన్న తేడాలు కూడా తేలికగా వస్తాయి.

కొలత సరిగా ఉందో లేదో మిషనే చెబుతుంది. గేజి ప్రకారం టూల్ బిగించి కడ్డీ కొసను ఫేసింగ్ చేయండి. మధ్యన ఏమీ మిగలకపోతే సరిపోయింది. బుడిపె మిగిలితే దాని వ్యాసం కొలవండి. అందులో సగం ఎంతో అంత టూల్ కిందకు ఉన్నట్టు. బుడిపె 0.6 మి.మీ. ఉంటే గేజి 0.3 మి.మీ. లేపాలి. ఆ పైన దాన్ని జన్మలో కదపనక్కర్లేదు. ఒక్క మాట మరచిపోవద్దు. ఈ గేజి ఆ ఒక్క లేత్‌కే. పక్క లేత్ ఎత్తు వేరుగా ఉండవచ్చు.

3. బోరింగ్ బార్ పట్టే దిమ్మ

గుండ్రటి బోరింగ్ బార్‌ను చదరపు పోస్టులో నేరుగా బిగిస్తే స్క్రూ ఒక చుక్క మీద ఆనుతుంది. కోతలో బారు తిరిగిపోతుంది. దానికి ఒక దిమ్మ చేసుకోవాలి. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, దిమ్మలో రంధ్రం ఏ ఎత్తులో వేయాలో మనం కొలవనక్కర్లేదు. లేతే చూసుకుంటుంది.

టూల్ పోస్టు సీటు నుంచి సెంటరు దాకా ఎంత ఉందో, పోస్టు నోరు ఎంత పడుతుందో ముందు చూడండి. సీటు నుంచి సెంటరు 20 మి.మీ. ఉండి, నోరు పట్టేటట్టయితే 32 మి.మీ. చదరపు కడ్డీ తీసుకోవచ్చు. 16 మి.మీ. రంధ్రం వేస్తే కింద 12, పైన 4 మి.మీ. గోడ మిగులుతుంది. కడ్డీని పోస్టు పొడవుకు కోసి, సీటు మీద ఆనే ముఖం చదును చేయండి. దాన్ని లేత్ బెడ్‌కు సమాంతరంగా టూల్ పోస్టులో బిగించండి. కాంపౌండ్ స్లైడ్ కదలకుండా బిగించి ఉంచండి.

ఇప్పుడు సెంటర్ డ్రిల్లును టెయిల్‌స్టాక్‌లో కాదు, చక్‌లోనే పట్టండి. దిమ్మను క్రాస్ స్లైడుతో సరైన చోటికి తెచ్చి, క్రాస్ స్లైడ్‌ను కూడా లాక్ చేసి, డయల్ అంకె రాసుకోండి. మిషను తిప్పి క్యారేజీని మెల్లగా చక్ వైపు నడపండి. డ్రిల్లు తిరుగుతుంది, దిమ్మ వెళ్ళి దానికి ఎదురవుతుంది. సెంటర్ డ్రిల్లు తరువాత 6, 12, 15.5 మి.మీ. డ్రిల్లులు ఒకదాని వెంట ఒకటి వేసి, చివరగా 16 మి.మీ. రీమరును తక్కువ స్పీడులో నూనె పోస్తూ నడపండి. రంధ్రం వేసినది హెడ్‌స్టాకే కాబట్టి దాని ఎత్తు సరిగ్గా సెంటరు ఎత్తే. ఇక ఏ ప్యాకింగూ అక్కర్లేదు.

చివరిగా ఒక పక్క నుంచి రంధ్రం దాకా హ్యాక్సాతో అడ్డంగా చీల్చండి. పోస్టు స్క్రూలు బిగించగానే చీలిక మూసుకుని దిమ్మ బారును పిడికిలిలా పట్టుకుంటుంది. 10, 12 మి.మీ. బార్లకు 16 మి.మీ. బయటి వ్యాసంతో బుష్‌లు చేసి, ఒక పక్క చీల్చి ఇందులోనే వాడుకోవచ్చు. డయల్ అంకె రాసుకున్నారు కదా, క్రాస్ స్లైడ్‌ను అదే అంకెకు తెస్తే ఈ దిమ్మలో డ్రిల్లు కూడా పట్టి, క్యారేజీ ఫీడుతో లోతు రంధ్రాలు వేసుకోవచ్చు. టెయిల్‌స్టాక్ చక్రం తిప్పి తిప్పి భుజం పోగొట్టుకోనక్కర్లేదు.

4. స్క్రూల సంగతి

పోస్టు స్క్రూల మీద ఎవరి కన్నూ పడదు. రోజూ బిగించీ బిగించీ వాటి కొసలు పుట్టగొడుగులా విచ్చుకుంటాయి. ఆ పైన స్క్రూ బయటికి రాదు, లాగితే పోస్టు మర తెగుతుంది. దీనికి చేయాల్సింది చాలా చిన్న పని. కొత్త స్క్రూ చేసేటప్పుడే కొసన 4 మి.మీ. మేర మర లోతు కంటే సన్నగా టర్నింగ్ చేయాలి. ఎం-12 స్క్రూ అయితే 9.5 మి.మీ. చాలు. అప్పుడు కొస విచ్చుకున్నా మరకు అడ్డం రాదు. అంచు కాస్త వాలు తీసి, కొసను గట్టిపరిస్తే ఇంకా మంచిది. మామూలు ఎం.ఎస్. కంటే గట్టి ఉక్కు వాడాలి.

స్క్రూలకు సరిపోయే పానా ఒక్కటే ఉంచండి. పైపు ముక్క తొడిగి బలంగా తిప్పడం మగతనం కాదు, మరకు చేటు.

వాడేటప్పుడు గుర్తుంచుకోవలసినవి

టూల్‌ను పోస్టు బయటికి ఎంత తక్కువ పెడితే అంత మంచిది. టూల్ ఎత్తుకు ఒకటి, ఒకటిన్నర రెట్లు దాటకుండా చూసుకోండి. బయటికి వచ్చిన పొడవు రెట్టింపైతే వంగడం రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. అందుకే మొన సెంటరులోనే ఉన్నా టూల్ పొడవుగా ఉంటే జాబ్ మీద అలలు పడతాయి.

కనీసం రెండు స్క్రూలు బిగించాలి. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్ళకుండా, రెంటినీ కొంచెం కొంచెంగా బిగించాలి. బిగించాక ఎత్తు మళ్ళీ ఒకసారి గేజితో చూడాలి. బిగింపులో కూడా టూల్ కొంచెం కదులుతుంది.

పోస్టు తిప్పేటప్పుడు టూల్‌ను జాబ్ నుంచి దూరంగా తీసి తిప్పండి. నాలుగు వైపులా నాలుగు మొనలున్న వస్తువు అది. మన వైపు తిరిగిన టూల్ మొన ముంజేతిని చీల్చేస్తుంది. ఆ సమయంలో వాడని టూల్స్ తీసి పక్కన పెట్టడం మేలు.

చిప్స్‌ను చేత్తో లాగవద్దు, కొక్కెంతో తీయండి. చేతికి గ్లౌజులు, మెడలో తువ్వాలు, వేలాడే చొక్కా చేతులు తిరిగే మిషను దగ్గర వద్దు. కళ్ళద్దాలు తప్పనిసరి. చక్ తాళాన్ని చక్‌లో వదిలి మిషను ఎప్పుడూ తిప్పవద్దు. ఎత్తు కొలవడం, ప్యాకింగ్ మార్చడం అన్నీ మిషను ఆగాకే.

ఇప్పుడు ఇవన్నీ ఎందుకు?

"అన్నా, ఇప్పుడంతా సి.ఎన్.సి. కదా, ఈ చేతి లేత్ ముచ్చట్లు ఎందుకు?" అని ఒక తమ్ముడు అడిగాడు. సి.ఎన్.సి.లో టూల్ పోస్టు పేరు టరెట్ అయింది, అంతే. అక్కడ కూడా బోరింగ్ బార్‌ను పట్టేది బుష్షే, మనం చేసుకున్న దిమ్మకు దూరపు చుట్టమే. అక్కడ కూడా టూల్ సెంటరు తప్పితే ఫేసింగ్‌లో బుడిపె మిగులుతుంది. స్క్రీన్ మీద అంకెలు ఎన్ని మార్చినా ఆ బుడిపె పోదు. అది ఎందుకు వచ్చిందో తెలిసినవాడే దాన్ని తీయగలడు. చేతి లేత్ మీద దాన్ని కళ్ళతో చూసినవాడికి అది వెంటనే తెలుస్తుంది.

టర్నర్ ట్రేడు రెండేళ్ళ చదువు. ఐటీఐలో చేరిన తమ్ముళ్ళు మొదటి ఏడే ఈ నాలుగు వస్తువులూ చేసుకోండి. అన్నీ తుక్కులో దొరికే ఇనుముతో అయ్యేవే. ఫేసింగ్, టర్నింగ్, డ్రిల్లింగ్, ట్యాపింగ్, రీమింగ్, ఆకురాయి పని, కొలత అన్నీ వీటిలో వచ్చేస్తాయి. పరీక్ష జాబ్ మార్కులు వేశాక మూల పడుతుంది. ఇవి మాత్రం ఉద్యోగంలో మొదటి రోజు మీ సంచిలో ఉంటాయి. కొత్త షాపులో గేజి తీసి ఆ లేత్ ఎత్తుకు సరిచేసుకునే కుర్రవాణ్ణి చూస్తే, ఏ ఊరివాడివి, ఎవరి అబ్బాయివి అని అడిగే ముందు ఎక్కడ పని నేర్చుకున్నావని అడుగుతారు. మనబోటివాళ్ళకు ఆ ప్రశ్న మొదట వినపడటం ఎంత విలువైనదో ఈ హాస్టల్లో చదివినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఆ రైతు మళ్ళీ మా షాపుకు వచ్చాడు. వేరే పంపుది ఇంకో షాఫ్టు తెచ్చి మేస్త్రి గారికి కాకుండా నా చేతికి ఇచ్చాడు. నేను ముందు గేజి తీసి టూల్ పక్కన పెట్టాను. ఆయన అదేమిటని అడిగాడు. "టూల్ సరైన ఎత్తులో ఉందో లేదో చూసేది బాబాయ్, నేనే చేశాను" అన్నాను. గాడి కోసి, కొలిచి, తుడిచి ఇచ్చేదాకా ఆయన గుమ్మం దగ్గర కూర్చోలేదు. నా పక్కనే నిలబడి చూశాడు.

తమ్ముళ్ళకు పరీక్షల్లోనూ, పనిలోనూ జయం కలగాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.

– మన హాస్టల్ పూర్వ విద్యార్థి, టర్నర్